పంతొమ్మిదో కేరేజీ

దెయ్యాలంటే నాకు నవ్వు. మందు కూరి కొండలు పేల్చే పనిలో ఇరవయ్యేళ్లుగా ఉన్నవాణ్ణి, మనుషుల తొందరపాటంటేనే నాకు భయం. ఇది చెబితే మా ఆవిడే నమ్మలేదు, ఇక మీ ఇష్టం.

టెక్కలి దగ్గర నీలి గ్రానైట్ క్వారీలో నేను మేస్త్రీని. మా రాయి ఓడలెక్కి ఏయే దేశాలకో పోతుంది. ఆర్డర్లు పెరిగేకొద్దీ, పనికిరాని రాళ్లూ మట్టీ పోసిన గుట్ట కూడా పెరిగి మా రేకుల షెడ్డు నెత్తిమీదకొచ్చింది. దాన్ని తీయించమని అడిగీ అడిగీ నా నోరు నొప్పెట్టింది.

పేల్చే ముందు అందరం ఆ షెడ్డులోకి వస్తాం. నేను మనుషుల్నీ, వెదురుకు వేలాడే అన్నం కేరేజీల్నీ లెక్కపెడతాను. రెండూ సరిపోతేనే మీట నొక్కేది. కేరేజీ మిగిలిందంటే దాని మనిషి ఇంకా కొండమీదే ఉన్నట్టు.

రెండేళ్ల కిందట, మూడ్రోజుల ముసురు తెరిపిచ్చిన మధ్యాహ్నం, నాతో కలిపి పద్ధెనిమిది మందిమి. కేరేజీలు పంతొమ్మిది.

మళ్లీ లెక్కపెట్టాను. అంతే. మా కేరేజీల మూతల మీద పేర్లు గీకి ఉంటాయి. ఒకదాని మీద లేదు. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. పొద్దున్న కట్టిన తిండి ఒంటిగంటకు అంత వేడిగా ఎలా ఉంటుంది?

"లారీ ఎదురుసూస్తన్నాది, కానీండి!" అని సూపర్‌వైజరు కింద రోడ్డు మీంచి అరుస్తున్నాడు.

మా చెల్లెలి భర్త అప్పన్న బావ కూడా విసుక్కున్నాడు. "ఒరే, మనోళ్లందరూ ఈడే ఉన్నారు కదరా! ఏటి నీ సాదస్తం?"

"ఎవుడో ఒకడు పైనుండిపోతే? పద బావా, ఎతుకుదాం."

తిట్టుకుంటూనే అందరూ కదిలారు. ఆ కేరేజీ పట్టుకుని నేనూ కొండెక్కాను. "ఇదెవుడిదిరా?" అని గొంతు పోయేలా అరిచాను. పైన నరపురుగు లేదు.

అప్పుడే కింద పెద్ద చప్పుడైంది. తిరిగి చూస్తే షెడ్డు లేదు. వానకి నానిన గుట్ట జారి దాన్ని కప్పేసింది. మేం ఇంకా మీట నొక్కనేలేదు.

బావ నా చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నాకు మా చెల్లెలి ముఖం కళ్లముందు కదిలి ఏడుపొచ్చేసింది.

మట్టి తీయిస్తే నలిగిపోయిన కేరేజీలు పద్ధెనిమిది దొరికాయి. అన్నిటి మీదా పేర్లున్నాయి.

సాయంత్రానికి ఆకలి తట్టుకోలేక నా చేతిలోదాని మూత తీశాం. సోడి అంబలి, అదే రాగి జావ, ఎండు నెత్తళ్ల చేపలు. ఇంకా పొగలొస్తున్నాయి. పద్ధెనిమిది మందిమీ తలో గుక్క తాగాం.

తర్వాత చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. పని మానేసిన పాత కూలీల్నీ అడిగాను. గుట్ట జారడంలో వింతేమీ లేదు, అది జారుతుందని ముందే మొత్తుకున్నాను. కేరేజీ సంగతే ఈ రోజుకీ తేలలేదు.

ఇప్పుడు మిషన్లొచ్చి ఏడుగురమే మిగిలాం. అడిగినవాళ్లకు ఇచ్చేద్దామని ఆ కేరేజీ తోమి ఇంట్లో పెట్టాను. ఎవరూ రాలేదు. నాకు మాత్రం ఒకటే తెలుసుకోవాలనుంది. తన తిండి మాకు పెట్టి, ఆ వేళ పస్తున్నదెవరు?