ఎండ తాగిన నీళ్లను కొలిచిన చిన్నమ్మ

పోయిన వారం మా చిన్నమ్మ చనిపోయింది. గుండెలో నొప్పి అంటే ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ బయల్దేరారు. సాగర్ రోడ్డు మీదే ప్రాణం పోయింది. ఫోన్‌లో ఆ మాట విన్నప్పుడు నేను నా తోటలో ఉన్నాను. ఆమె చెప్పిందనే డ్రాగన్ పండు నాటాను. ఈ తోటకు ఇది మొదటి ఎండాకాలం. ఏడుపు కంటే ముందు, ఇక ఎవరిని అడగాలి అన్న భయం వచ్చింది.

చిన్నమ్మ ధైర్యవంతురాలేం కాదు. మబ్బు పట్టినా ఆమెకు భయమే, పట్టకపోయినా భయమే. తన డ్రాగన్ పండు తోట వైపు చూస్తూ కూర్చుంటే చేతిలో చాయ్ చల్లారిపోయేది. చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. "ఈ పంట గిట్ల పోతే మనం గూడ అమ్ముడే," అని చిన్నాయన తేల్చేశాడు.

ఒక ఏడు ఎండలకు బోరు సన్నగిల్లింది. రాతి స్తంభాలకు అల్లుకున్న కొమ్మలు పసుపుబారాయి. చిన్నాయన కంగారుగా డ్రిప్పు వాల్వు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆగయ్యా, గవి నీళ్ల దూపకు గాదు, ఎండకు పండువారినయి," అని చిన్నమ్మ అడ్డుపడింది.

"నీకెట్ల తెల్సు?"

"తెల్వదు. గందుకే కొలుస్తున్న."

ఉద్యాన శాఖ వాళ్ల శిక్షణలో విన్నట్టు తోట నడుమ వెడల్పాటి గంగాళంలో నీళ్లు పోసి, కాకులు తాగకుండా జాలీ కప్పింది. రోజూ పొద్దున స్కేలు ముంచి, ఎండ ఎంత తాగిందో చూసేది. డ్రాగన్ పండు జెముడు జాతిది, ఎండ తాగినన్ని నీళ్లలో కొంత భాగమే దానికి చాలు. ఆ లెక్కనే నీళ్లు వదిలేది. "జర నువ్వు గూడ సూడు బిడ్డా, నా కండ్లు మోసం జేస్తయేమో," అని నన్ను పిలిచేది. పాత చీరలన్నీ తెచ్చి కొమ్మల మీద నీడకు కప్పింది.

"చెట్లు సస్తే నన్నడుగకు," అని చిన్నాయన మాట్లాడటం మానేశాడు.

ఆ రోజుల్లో ఆమెకు అన్నం సయించలేదు. ఒకనాడు పైపు కారే చోట రెండు స్తంభాల మొక్కలు మొదళ్లు కుళ్లి పడిపోయాయి. నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో చూశాక చిన్నాయన వాల్వు జోలికి వెళ్లలేదు. తొలకరికి కొమ్మలు మళ్లీ పచ్చబడి మొగ్గ తొడిగాయి. చిన్నమ్మ మాత్రం, "మొగ్గ రాలకుంటే సాలు," అని కొత్త ఫికర్ పెట్టుకుంది.

"ఇంత భయమెందుకు చిన్నమ్మా?" అన్నాను.

"భయముంటేనే కద బిడ్డా కొలుస్తం. లేకుంటే అందాజగ పోస్తం."

అంత్యక్రియల మర్నాడు చిన్నాయనతో కలిసి వాళ్ల తోటకు వెళ్లాను. ఎండ మండుతోంది. "నీళ్లు వదలాల్నా?" అని అడిగాడాయన. నేను గంగాళం వైపు చూశాను. ఆయన వాల్వు వైపు పోకుండా ఒక మొక్క దగ్గర గొంతుక్కూర్చుని, మట్టిలోకి వేలు గుచ్చి తీశాడు. ఆ వేలు నా ముందుకు చాపాడు. గోటి అంచున ఎర్రమట్టి తడితడిగా అంటుకుని ఉంది.