చేతులు వెనక్కి కట్టుకున్న మెకానిక్

ముర్తుజా మెకానిక్. కానీ ఏ యంత్రాన్నీ ముట్టుకోడు.

ఒక పట్టాన నమ్మే మాట కాదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. అచ్చంపేట సెంటర్లో ఆయనకు షాపు ఉంది. షాపు నిండా పానాలున్నాయి. షాపు ముందు ఎప్పుడూ జనం ఉంటారు. మోటారో, మిక్సీయో, మందు కొట్టే స్ప్రేయరో తెచ్చినవాళ్ళకు ఆయన ముందు పీట వేస్తాడు, తర్వాత చేతికి పానా ఇస్తాడు, ఆ తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుంటాడు. "ఊఁ, విప్పు" అంటాడు. అంతే. ఇక విప్పేదీ వాళ్ళే, తుడిచేదీ వాళ్ళే, బిగించేదీ వాళ్ళే.

"అంతా నేనే చేసుకునేదానికి నువ్వెందుకయ్యా?" అని రైతు శివరామయ్య ఒకసారి స్ప్రేయర్ ముందు కూర్చుని కడుపు మండి అడిగాడు.

"నువ్వు తప్పు చేస్తే తిట్టటానికి."

"తిట్టేదానికి ఇంటికాడ మా ఆడది లేదా?"

"ఆమెకు కార్బురేటర్ సంగతి తెలవదుగా!"

సొంత కూతురి నిఖా రోజున కూడా ఆయన మారలేదు. ఖాజీగారు వచ్చి కూర్చోగానే జనరేటర్ ఆగింది. షామియానా కింద ఉక్కపోత. అందరూ ముర్తుజా వైపు చూశారు. ముర్తుజా చేతులు వెనక్కి కట్టుకుని నేరుగా పెళ్ళికొడుకు అల్తాఫ్ దగ్గరికి నడిచాడు. "అల్లుడూ, లే" అన్నాడు. పాపం అల్తాఫ్ షేర్వాణీ చేతులు పైకి మడిచి, పూలదండలు వీపు మీదకు తోసుకుని, మామగారి తిట్లు వింటూ డీజిల్ ఫిల్టర్ విప్పి కడిగాడు. ఫ్యాన్లు తిరిగాకే "కబూల్" అన్నాడు. నిఖానామా మీద అతని సంతకం పక్కన నల్లటి బొటనవేలి ముద్ర ఒకటి పడింది. "సంతకం ఎవడైనా పెడతాడు, ముద్ర చూడండి" అని ముర్తుజా ఏడాది పాటు ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.

ఆయన ఒట్టి సోమరి అన్నారు కొందరు. అసలు పనే రాదన్నారు ఇంకొందరు. "ఇంట్లో బల్బు మార్చాలన్నా నన్నే స్టూలు ఎక్కిస్తాడు, ఈయన కింద నిలబడి ఎడమకి తిప్పు, కుడికి తిప్పు అంటాడు" అని భార్య రజియా వాపోయేది.

మేనకోడలు మెహ్జబీన్‌కు మాత్రం ఈ చోద్యమంతా ముచ్చటగానే ఉండేది, పడవ సంగతి వచ్చేదాకా.

మెహ్జబీన్ కృష్ణ అవతలి ఒడ్డున బడిలో సైన్సు టీచరు. మూడేళ్ళ కూతురు ఫర్హీన్‌ను ఒళ్ళో పెట్టుకుని రోజూ నాగయ్య ఇంజన్ పడవలో ఏరు దాటుతుంది. పిల్లకు అంగన్‌వాడీ కూడా ఆ ఒడ్డునే. పిల్ల విషయంలో ఆమె పరమ భయస్తురాలు. లైఫ్ జాకెట్ కొన్నరోజున దాని మీద రాసిన మాట నమ్మలేదు. ఫర్హీన్ బరువుకు సరిగ్గా తూచిన బియ్యం మూటకు జాకెట్ తొడిగి, నీళ్ళ తొట్టిలో వేసి, పైకి తేలుతుందని తేల్చుకున్నాకే పిల్లకు వేసింది. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ దోసెలు తిన్నారు.

అలాంటి మనిషి ఎక్కిన పడవలో లీవర్ పట్టేసింది. ముందుకు తోస్తే వేగం, వెనక్కి లాగితే నెమ్మది, అదీ ఆ లీవర్ పని. శుక్రవారం రేవు దగ్గరపడేసరికి నాగయ్య వెనక్కి లాగాడు, అది రాలేదు. రెండు చేతులతో లాగాడు, కాలు తన్నిపెట్టి లాగాడు. పడవ తిన్నగా పోయి ఇసుకదిబ్బను గుద్దుకుంది. మిరపకాయ బస్తాలు దొర్లాయి. అందరూ తుమ్ముతుంటే ఫర్హీన్ ఒక్కతే చప్పట్లు కొట్టి "మళ్ళీ!" అంది.

"ఇది బాగయ్యేదాకా పిల్లతో ఈ పడవ ఎక్కను బాబాయ్" అంది మెహ్జబీన్ నాగయ్యతో.

"వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోతే బడి సగం అయిపోద్ది టీచరమ్మా. ఉజ్జోగం ఉంటదా?"

ఉండదని ఆమెకూ తెలుసు. అందుకే మామూకు ఫోన్ చేసింది.

ఆదివారం ముర్తుజా రేవుకు వచ్చాడు. పడవెక్కాడు, గోడ లేదు కాబట్టి బస్తాలకు వీపు ఆనించాడు, చేతులు వెనక్కి పోయాయి.

"నాగయ్యా, దీనికేం పోస్తన్నావ్?"

"నూనె, భాయ్. వారం వారం తప్పకుండా."

"ఏం నూనె?"

రేవులో మిరపకాయ బజ్జీలు వేసే నాగయ్య భార్య నాగులమ్మ గర్వంగా అందుకుంది. "మా బాండీలోదే. బజ్జీలేసినాక పారబోసుడెందుకని నేనే ఇస్తన్నా."

మెహ్జబీన్ నుదురు కొట్టుకుంది. "అయ్యో పిన్నీ! వంటనూనె గాలి తగిలితే ఆక్సిజన్ పీల్చుకుని బంకలాగా గడ్డకడుతుంది. పైగా మిరపకాయ దుమ్ము! ఎంత పోస్తే అంత పట్టేస్తుంది."

"భలే!" అన్నాడు ముర్తుజా. "సగం రిపేరు నోటితోనే చేసింది. ఊఁ బేటీ, మిగతా సగం విప్పు."

"మామూ, నీకు దణ్ణం పెడతా. ఇది పిల్ల ప్రాణం సంగతి. నువ్వు చెయ్యి. లేదంటే బాబాయ్ చేత చేయించు."

"నాగయ్యకు భయం లేదు. భయం లేనోడు బోల్టు సగం బిగించి చాల్లే అంటాడు. నీకు భయం చానా ఉంది. ఈ పనికి నీ అంత పనికొచ్చే మనిషి ఈ రేవులోనే లేదు."

తన భయాన్ని చూసి నవ్వినవాళ్ళే తప్ప మెచ్చుకున్నవాళ్ళు ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. మెహ్జబీన్ కొంగు బిగించి కూర్చుంది.

"ముందు కేబుల్‌ని ఇంజన్ దగ్గరా, లీవర్ దగ్గరా ఊడదియ్యి. ఇప్పుడు లీవర్ ఒక్కదాన్నే ఆడించు. ఆడిందా?"

"లేదు. మొండికేసింది."

"కేబుల్‌ని లాగి చూడు."

"ఇది జారుతోంది మామూ! అంటే దోషం కేబుల్‌లో లేదు, లీవర్‌లోనే ఉంది."

"మరి దాన్ని విప్పు. ఎడమకి తిప్పు. నీ ఎడమకి తల్లీ, నాగయ్య ఎడమకి కాదు!"

లోపల పాకం లాంటి నల్లటి బంక. బజ్జీల వాసన గుప్పుమంది. ఆమె గోకింది, డీజిల్‌తో కడిగింది, గుడ్డతో తుడిచింది, అసలైన గ్రీజు పట్టించి తిరిగి బిగించింది. కేబుల్ తగిలించి "అయిపోయింది" అంది.

ముర్తుజా "ఊఁ?" అన్నాడు. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది.

ఆమె మళ్ళీ మొదటినుంచీ చూసింది. ఇంజన్ దగ్గర కేబుల్ కొన ఊడిపోకుండా ఆపే చిన్న పిన్ను లేదు! అది లేకుండా నడిపితే నది మధ్యలో లీవర్ ఆడుతుంది గానీ ఇంజన్ మాట వినదు. పడవ అడుగున మురికి నీళ్ళలో మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది. నాగయ్య "చిన్న పిన్నేగా, కాస్త తీగ చుడదాం" అన్నాడు. ఆమె చూసిన చూపుకు తీసిన తీగను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చివరికి దొరికింది. పెట్టి, కొనలు విడదీసి వంచి, రెండుసార్లు లాగి చూసింది.

పిల్లను ఒడ్డున నాగులమ్మకు అప్పగించి, పడవను నది మధ్యకు తానే తీసుకెళ్ళింది. తోస్తే పరిగెత్తింది, లాగితే నెమ్మదించింది. తిరిగివచ్చి రేవులో ఆనించినప్పుడు బస్తా మీది నాగయ్య టీ గ్లాసు తొణకలేదు.

ఒడ్డున బట్టలుతికేవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఏంది, ఇంత మెత్తగా ఆగింది! ఎవురు బాగు చేసింది?" అని ఎవరో కేకేశారు.

ముర్తుజాకు గర్వంతో ఒళ్ళు తెలియలేదు. "ఎవరా? ఇదిగో! మా అక్క కూతురు! మా మెహ్జబీన్!" అని రెండు ఒడ్డులకూ వినపడేలా అరిచి, రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు.

కుడి చేతిలో పానా ఉంది. ఎడమ చేతిలో కొత్త పిన్ను ఉంది.

రేవు ఒక్క క్షణం నోరెళ్ళబెట్టింది. ముందుగా తేరుకున్నది నాగులమ్మ. "ఓరి నీ అసాధ్యం కూలా! ఇన్నేళ్ళూ ఎనకాల కట్టుకుంది చేతులు కాదా? సామాన్లా?"

ముర్తుజా గబుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు గానీ ఆలస్యమైపోయింది. "తిట్టేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా" అని గొణిగాడు.

"పిన్ను కూడానా మామూ?" అంది మెహ్జబీన్. ఆమె నీళ్ళలో వెతికినంతసేపూ ఆయన అడుగు దూరంలో, అందించటానికి సిద్ధంగా నిలబడే ఉన్నాడు.

"నీకు దొరక్కపోతే ఇద్దామనే..." అన్నాడాయన నదివైపు చూస్తూ. "దొరికిందిగా. మళ్ళీ బాగు చేసిన పేరు నాకెందుకు?"

మెహ్జబీన్ నవ్వుతూ చేతులు తుడుచుకుని, పిల్లను ఎత్తుకుంది.

"బాబాయ్, రేపు పొద్దున మొదటి ట్రిప్పుకి మా ఇద్దరికీ చోటుంచు. లీవర్ పక్కనే."