తట్టెడు మట్టి ఎవరి పేరున

ఆ పుస్తకం కొన్నది నేనే. ముందు నా తప్పు ఒప్పుకుంటాను.

ఒక రాజు జీవితకథ అది. అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల ప్రతి యుద్ధానికీ ముందు రాజుగారి కంట్లో ఒక నీటి బొట్టు. తెల్లాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లే ఆఫీసు బస్సులో వారం రోజుల్లో మింగేశాను. అందులో మా చెరువు కూడా ఉంది. దానికి కట్ట పోయించినప్పుడు మొదటి తట్ట మట్టిని రాజే నెత్తిన మోశాడట. మురిసిపోయి ఆదివారం మా నాయనకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

మా నాయన ఆ చెరువు పక్కన లేచిన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఆయన్ని సాకింది వాళ్ల నాయనమ్మ. ఆమె చెప్పిన సంగతి వేరు. కట్ట పోసేటప్పుడు మట్టి జారి మా ఇంటి ఆడమనిషి ఒకామె తట్టతో సహా కూరుకుపోయింది. శవాన్ని కూడా బయటికి తీయలేదు. ఆమె పేరు మీద ఏటా తొలి వానకు మా ఇంట్లోంచి తట్టెడు మట్టి తీసుకెళ్లి కట్ట మీద పోస్తాం. ఆ రోజు మా నాయన డ్యూటీకి సెలవు పెట్టేవాడు.

ఈ ఏడు పోస్తుంటే, అక్కడ నడకకు వచ్చిన ఒకాయన ఫోన్‌లో వీడియో తీస్తూ, "ఎందుకు పోస్తున్నారండీ?" అని అడిగాడు.

"మొదటి తట్ట రాజుగారు మోసిండు సార్. ఆయన యాదిల పోస్తం," అన్నాడు మా నాయన.

నా ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి పుస్తకం తిరగేశాను. చిట్టచివరి పేజీలో, చీమ తలంత అక్షరాల్లో, కొన్ని ఘట్టాలు కల్పితమని ఉంది. ఏవి కల్పితమో రాయడానికి మాత్రం ఆ రచయిత మహానుభావుడికి చేతులు రాలేదు. చచ్చింది మా మనిషి, మొయ్యని తట్టకు పేరు రాజుకు!

ఆ పేజీ తెచ్చి నాయన ముందు పెట్టాను. "రాజు మోసింది ఉత్త కథ నాయనా. వాళ్లే అల్లి రాసిండ్రు."

"అచ్చేసినోళ్లకు తెల్వదా బిడ్డా? మా నాయనమ్మకు సదువు రాకపాయె. ఆమెనే ఏదో అబద్ధం చెప్పి ఉంటది."

తనను సాకిన మనిషిని ఆయన ఎన్నడూ అంత మాట అనలేదు. అనిపించింది నేనే. చదివి వినిపించింది నా నోరే కదా.

మర్నాడు పొద్దున తట్టలో మట్టి నింపుకుని గేటు దగ్గరికి పోయాను. "దా నాయనా, మళ్ల మట్టి పోద్దాం. గీసారి ఆ కూరుకపోయినామె పేరు గట్టిగ చెప్పి పోద్దాం."

ఆయన నా వైపు చూడలేదు. "డ్యూటీల ఉన్న బిడ్డా," అన్నాడు.