తువ్వాల కింద రాళ్లగూడెం

సూర్యాపేట ధాన్యం దళారి రామనర్సయ్య సేటు నోటితో బేరం ఆడడు. ఎదుటివాడి చెయ్యి పట్టుకుని, పైన తువ్వాల కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్తాడు. వడ్ల దగ్గర అది వర్తకుల పాత పద్ధతే. సేటుకు మాత్రం అన్నిటికీ అదే. మంగలికీ తువ్వాలే, రిక్షావాడికీ తువ్వాలే. ఓసారి దవాఖానలో డాక్టరు నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే, సేటు టక్కున తువ్వాల కప్పి ఫీజు తగ్గించాడు.

"యముడొచ్చినా గీయన చెయ్యివట్టి పదేండ్లు అడుగుతడు," అంటుంది భార్య కన్యకమ్మ.

అలాంటి మనిషి కొట్లో, డెబ్బై నాలుగులో ఒక మధ్యాహ్నం, రాళ్లగూడెం బడి పంతులు యాకోబు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తున్నారు. సాగర్ కాలువ రాళ్లగూడెం నడుమ నుంచి పోతుంది. ఆ కాలువే హద్దట. అటు సగం కోదాడకు, ఇటు సగం మిర్యాలగూడకు. ఊరు రెండు ముక్కలైతే వంతెన ఏ ఎమ్మెల్యే కట్టిస్తాడు? పిల్లలు తాటిమొద్దు మీద కాలువ దాటి బడికొస్తున్నారు. యాదమ్మ బిడ్డ మొన్ననే జారి పడింది. ఎవరో జుట్టు పట్టి లాగితే బతికింది.

మర్నాడు అధికారులు నల్లగొండలో అభ్యంతరాలు వింటారు. ఆ రెండుచోట్ల లీడర్లూ ఒక్కమాట మీదుంటే గీత మారుతుంది. బేరం తెంపమని ఇద్దరూ మనుషుల్ని జీపుల్లో వేసుకుని సేటు కొట్టుకే వచ్చారు. కానీ ఊరు మొత్తం ఎవరికీ వద్దు. నాట్లప్పుడు కూలి పెంచమని పని ఆపిన ఊరది. ఆ ఓట్లన్నీ ఒక్కచోట పడితే సీటు కదులుతుంది. సగమైతే ఇద్దరికీ హాయి.

"ఊరంతా మీరే తీసుకోండి," అన్నాడు కోదాడ నాగేశ్వర్ రావు.

"గంత ప్రేముంటే నువ్వే ఉంచుకోరాదు," అన్నాడు మిర్యాలగూడ ఓంప్రకాష్.

"మాకేం ఖర్మండీ?"

"మరి మాకేం పట్టింది?"

యాకోబు లేచాడు. "సార్లూ, గాడ మనుషులున్నరు. మేం మీ వాకిట్ల చెత్త కాదు, గిటు ఊడ్చి గటు ఎత్తిపోయనీకి!"

"కూసో పంతులూ!" జీపుల్లో వచ్చిన మనుషుల్లో ఎవడో కర్రతో నేల కొట్టాడు. రెండో జీపువాళ్లూ కర్రలు సవరించుకున్నారు.

సేటు తువ్వాల దులిపాడు. "ఇగ నోర్లు మూస్కోండ్రి. చేతులియ్యుండ్రి."

"ఇవేమన్నా వడ్ల బస్తాలా సేటుగారూ?" అన్నాడు నాగేశ్వర్ రావు.

"వడ్లయితే గింతసేపా? ఇయ్యి."

నాగేశ్వర్ రావు బేరం చిటికెలో అయింది. ఓంప్రకాష్‌ది తెగలేదు. తువ్వాల కదిలింది. ఓంప్రకాష్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కదిలింది. మళ్లీ ఊపాడు. కర్రలు రెండడుగులు ముందుకొచ్చాయి. ఊరు ఊరంతా ఆ మూరెడు గుడ్డ కింద ఇరుక్కుని ఉంది.

సేటు ఈసారి వేళ్లు నొక్కలేదు. ఓంప్రకాష్ అరచేతిలో వేలితో ఏదో రాసినట్టున్నాడు. ఓంప్రకాష్ కళ్లు పెద్దవయ్యాయి.

"నిజమేనా?"

"తువ్వాల కింద ఒట్టి మాట చెప్పిననా ఎన్నడన్న?"

"అయితే ఊరు మాదే," అన్నాడు ఓంప్రకాష్.

"వదిలించుకున్నాం పదండ్రా!" అని ఒక జీపు, "గుంజుకున్నం పాండ్రి!" అని ఒక జీపు, రెండూ గెలిచినట్టే హారన్లు కొట్టుకుంటూ పోయాయి.

"ఏం రాసినవ్ సేటూ?" అన్నాడు యాకోబు.

"తువ్వాల ముచ్చట బయట చెప్పొద్దు సారూ."

నల్లగొండలో ఇద్దరూ ఒకే పాట పాడారు. గీత కాలువను వదిలేసి ఊరిని చుట్టి పోయింది.

ఆ నెలలోనే యాకోబు సూర్యాపేట వచ్చి నిర్ఘాంతపోయాడు. ధాన్యం వర్తకుల సంఘంలో, ఏళ్ల తరబడి రామనర్సయ్య సేటు కూర్చున్న అధ్యక్షుడి కుర్చీలో, ఓంప్రకాష్ బామ్మర్ది కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. యాకోబు కొట్టుకు పరుగెత్తాడు.

"సేటూ! మా కోసం నీ కుర్సీ..."

సేటు గబుక్కున అతని నోరు మూసి, అటూ ఇటూ చూశాడు.

"మెల్లగ మాట్లాడు! దాన్నిండ నల్లులు సారూ. నిమిషం కూసోనియ్యయి. వంతెన అయ్యేదాక జర ఆ పిలగానికి చెప్పకు."