మేకుకు వేలాడిన రొట్టె

మవ్జూదా ఓపా నాకు ఇంగ్లీషులో వరసగా మూడేళ్ళు రెండు మార్కులే వేసింది. అయిదుకి రెండు, అంటే తప్పినట్టే. అప్పట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు దాచుకునేదేముంది, ఆ రెండూ దయతలచి వేసినవే. పాఠం జరుగుతున్నంతసేపూ నా ధ్యాస కిటికీలోంచి కనిపించే మా అమ్మ తందూరు పొగ మీదే ఉండేది.

ఓపా అంటే ఉజ్బెకిస్తాన్‌లోని మా మర్గిలాన్‌లో అక్క. మా మొహల్లాలో పిల్లలకీ పెద్దలకీ, చివరికి పాలవాడికి కూడా ఆమె ఓపాయే.

ఇంగ్లీషులో ఒకదాని పక్కన ఒకటి కవలల్లా కనిపించే క్రియలుంటాయి. అవంటే ఆమెకు ప్రాణం. బోర్డు మీద ఒకటి తెల్ల సుద్దతో, ఒకటి పచ్చ సుద్దతో రాసి, మా వీధిలోంచే వాటికి ఉదాహరణలు తెమ్మనేది. సీ, లుక్, వాచ్ అన్నీ చూడటమే కదా అని నేనొకసారి నోరు జారాను.

"కాదమ్మా సనోబర్. దారిన పోతుంటే నీ కంట ఒక కోడి పడింది, అది సీ. ఎవరి కోడా అని తల తిప్పావు, అది లుక్. ఆ కోడి ఎవరింట్లో దూరుతుందో, ఎవరు పట్టుకుంటారో అని ఖదీచా అవ్వ గుమ్మంలో కూర్చుని పొద్దస్తమానం చేస్తుందే, అదీ వాచ్" అంది ఓపా.

క్లాసంతా పడీపడీ నవ్వింది, ఖదీచా అవ్వ మనవడు తప్ప.

ఇంకో రోజు వెయిట్, ఎక్స్‌పెక్ట్ రాసింది. మాకు ఆ రెండింటికీ ఉన్నది ఒకటే మాట, ఎదురుచూడటం.

"బస్సు కోసం స్టాపులో నిలబడ్డావు, అది వెయిట్. ఎనిమిదింటికి బస్సొస్తుందని నీ మనసుకి తెలుసు, అది ఎక్స్‌పెక్ట్. దానికి నిలబడక్కర్లేదు, ఇంట్లో పిండి కలుపుకుంటూ కూడా చెయ్యొచ్చు. మరి ఆదివారం బస్సు రాదని తెలిసి కూడా వెళ్ళి నిలబడితే?"

"పిచ్చి" అన్నాను నేను.

"అది ఒట్టి వెయిట్" అంది ఓపా. చేతి సుద్ద దులుపుకుంటూ, "నువ్వన్నదీ తప్పు కాదులే" అంది. మార్కులు మాత్రం పెరగలేదు.

అప్పటికి ఆమె భర్త మన్నాన్ ఇటుకల పనివాళ్ళ ముఠాతో రష్యా వెళ్ళి మూడేళ్ళయింది. బయల్దేరిన రోజు పొద్దున్నే మా అమ్మ కాల్చిన రొట్టె తీసుకెళ్ళి ఆయన చేత ఒక ముక్క కొరికించింది ఓపా. కొరికినవాళ్ళు తిరిగొచ్చి మిగతాది తినాలి. అందాకా దాన్ని గుడ్డలో కట్టి గోడ మేకుకి వేలాడదీస్తాం. ఆ రోజుల్లో మా వీధిలో రొట్టె వేలాడని ఇల్లు లేదు. మొదటి రెండేళ్ళూ ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఆయనకు అక్కడి సమారా ఊళ్ళో ఒక దుకాణం, ఇంకో ఇల్లాలు ఉన్నారని ఎవరో చూసొచ్చి చెప్పారు. ఓపా అంతా విని, టీ తాగి వెళ్ళండి అందట.

పిల్లలు లేరు. అత్తగారు కూడా పోయాక ఆ ఇంట్లో ఓపా, ద్రాక్ష పందిరి, ఆ రొట్టె మిగిలాయి. బడి నుంచి వచ్చి తాళం తీసుకునేటప్పుడు ఆమె ఎప్పుడూ కొంచెంసేపు గుమ్మంలో ఆగేది. లోపల అలికిడి ఉందేమోనని వింటోందని మా అమ్మ అనేది.

అమ్మ తర్వాత తందూరు నా చేతికొచ్చింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఓపాకి రెండు వేడి రొట్టెలు ఇచ్చే పని కూడా దాంతోపాటే వచ్చింది. గుమ్మంలోనే ఇచ్చేసి, ఏం ఓపా, ఎలా ఉన్నారు అని ఒక మాట అనేసి వచ్చేసేదాన్ని.

పన్నెండేళ్ళ కిందటి వేసవిలో ఆమె శిక్షణ కోసం నెల రోజులు తాష్కెంట్ వెళ్ళింది. పందిరికి నీళ్ళు పొయ్యమని తాళాలు నాకిచ్చింది. ఒకరోజు వంటింట్లోకి వెళ్తే మేకుకి గుడ్డ ఖాళీగా వేలాడుతోంది, కింద పొడి. ఎలుకలు తినేశాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పదిహేనేళ్ళు కాపాడుకున్నది నా చేతిలో పెట్టిన నెలలో పోతే ఆమెకు ఏం మొహం పెట్టుకుని చెప్పను?

చెప్పలేదు. రొట్టె నడుమ చుక్కల పువ్వు గుచ్చడానికి అమ్మ వాడిన పాత అచ్చే వెతికి తీసి, దాంతో పొడిచి, అదే సైజులో ఒక రొట్టె కాల్చాను. ఒక ముక్క నేనే కొరికాను. తందూరు పక్కన రెండు రోజులు ఎండబెట్టి, అదే గుడ్డలో కట్టి, అదే మేకుకి తగిలించాను. ఓపా తిరిగొచ్చి దాని వంక చూసి, "టీ తాగుదాం, కూర్చో" అంది. ఆ రోజు కాదనలేక కూర్చున్నాను. ఆ తర్వాత రోజూ కూర్చోవడం అలవాటైంది. ఆమె గ్రీన్ టీ పోసేది, నేను వీధి కబుర్లు చెప్పేదాన్ని, మేకు వైపు మాత్రం చూసేదాన్ని కాదు.

కిందటేడు శరదృతువులో భూగోళం మాస్టారు యాకూబ్ నా తందూరు దగ్గరకొచ్చి, నాలుగు బత్తాల పిండి విషయం మాట్లాడినట్టు మాట్లాడి, చివరికి అసలు సంగతి కక్కాడు. భార్య పోయి అయిదేళ్ళయింది. మవ్జూదాని చేసుకోవాలని ఉంది. ఆమె మనసు కనుక్కోమన్నాడు. మనిషి బంగారం. నాకు పండగైపోయి ఆ సాయంత్రమే అడిగేశాను.

ఓపా టీ పియాలా కింద పెట్టింది. "అది అక్కడ వేలాడుతుండగా ఎలాగే?" అంటూ మేకు చూపించింది.

నా దొంగ రొట్టె ఈమె బతుక్కి అడ్డం పడుతోందన్న మాట. చెబితే ఇక ఈ గడప తొక్కనిస్తుందో లేదో. చెప్పకపోతే ఈమె ఆఖరిదాకా ఇలా ఒంటరిగానే తాళం తీసుకుంటుంది. నాలుగు రోజులు తిండి సహించలేదు. అయిదో రోజు రొట్టెలు బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పేశాను.

"ఓపా, అది ఆయన కొరికింది కాదు. ఆయనది ఎలుకలు తినేశాయి. ఇది నేను కొరికింది. నన్ను తిట్టండి, కొట్టండి. ఆ మాస్టారికి మాత్రం సరేననండి."

"తెలుసు" అంది ఓపా.

"ఎప్పట్నుంచి?"

"తాష్కెంట్ నుంచి వచ్చిన రోజునుంచి. నువ్వెళ్ళాక గుడ్డ విప్పి చూశాను. ఆయనకి ముందు పన్ను విరిగింది. కొరికితే మధ్యలో చిన్న గట్టు మిగిలేది. నీది చక్కగా సొట్ట లేకుండా ఉంది. పళ్ళు బాగున్నాయే నీకు."

"మరి పన్నెండేళ్ళూ ఎందుకు ఊరుకున్నారు? ఇప్పుడు దాన్ని చూపించి కాదనడమెందుకు?"

"యాకూబ్ మంచివాడేనే. ఆయనకి ఇంట్లో మనిషి అలికిడి కావాలి. నాకు ఇన్నేళ్ళ తర్వాత ఇంకొకరి అలికిడి అలవాటు చేసుకునే ఓపిక లేదు. కాదనడానికి ఏదో ఒకటి చూపించాలిగా." టీ పోసి నా వైపు జరిపింది. "అయినా కొరికినవాళ్ళు తిరిగి రావాలనే కదా వేలాడదీసేది? ఆయన కోసం ఊరికే వెయిట్ చేశాను, ఆదివారం బస్సుకి చేసినట్టు. నీకోసం అలా కాదు. నాలుగయ్యేసరికి నీళ్ళు మరిగించి ఉంచేదాన్ని. నువ్వొస్తావని తెలుసు. ఒక్కరోజు తప్పలేదు నువ్వు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. టీ చల్లారుతోందని కసిరింది.

ఈ ఫిబ్రవరిలో ఓపా పోయింది. గుండె ఆగింది, బడి నుంచి వచ్చి తాళం తీస్తూనే. కోకంద్ నుంచి ఆమె తమ్ముడొచ్చి అన్నీ జరిపించాడు. గుర్తుగా ఏమైనా తీసుకో అంటే రొట్టె అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, గ్రీన్ టీలో నానబెట్టుకుని, చివరి ముక్క దాకా తిన్నాను. కొరికింది నేనే కదా.

ఆ ఇంటికి ఇప్పుడు తాళం. నిన్న కూడా నాలుగింటికి రెండు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వెళ్ళి ఆ తాళం ముందు నిలబడ్డాను. లోపల నీళ్ళు మరగడం లేదని నాకు తెలుసు. ఎనభై దాటిన ఖదీచా అవ్వ ఎదురు గుమ్మంలోంచి అంతా చూస్తోంది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అని కేకేసింది.

"వెయిట్" అన్నాను.

ఓపా ఉంటే ఈసారి అయిదు వేసేది.