ఈ ఉదయం ఎన్ని బిళ్ళలు?

కరోనాకు రెండేళ్ళ ముందు, వేసవి చివర్లో, బరంపురంలో మాజీ సైనికుల కోసం నడిచే ఒక చిన్న క్లినిక్‌లో డాక్టరుగా చేరాను. సైనిక వైద్య విభాగంలో లెఫ్టినెంట్ కల్నల్‌గా రిటైరై అప్పటికి ఏడాది. ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. నేను ఇంట్లో ఉండటం మా ఆవిడ వల్ల అసలే కాలేదు. కొత్త ఉద్యోగంలో ర్యాంకు లేకపోయినా రోగులు మాత్రం చివరిదాకా నన్ను సాబ్ అనే పిలిచారు.

పాత్రపూర్ నుంచి వచ్చే అప్పలస్వామి హవల్దారుగా పనిచేసి, జబ్బు వల్ల ముందే ఇంటికొచ్చినవాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఎడ్రినల్ గ్రంథులు అతనికి పనిచేయవు. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా, ఒంటికి ఏ కష్టమొచ్చినా మనిషిని నిలబెట్టే హార్మోను అక్కడే తయారవుతుంది. అది లేకపోతే రక్తపోటు పడిపోతుంది, ఒంట్లో ఉప్పు తగ్గుతుంది, మనిషి కూలబడతాడు. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. కాబట్టి గ్రంథి చేయని పనిని బిళ్ళ చేయాలి. అతనికి రోజుకు మూడు, ఉదయం పూటే. ఒంటికి శ్రమ ఉన్న రోజు రెట్టింపు. ఈ నియమం అతనికి నేర్పింది నేనే. సైనికుడు కదా, ఒకసారి చెబితే చాలు, తు.చ. తప్పేవాడు కాదు.

సర్వీసులో వచ్చిన జబ్బుకు మెడికల్ బోర్డు అంగవైకల్య శాతం నిర్ణయిస్తుంది. ముగ్గురు డాక్టర్లు కూర్చుని చూస్తారు. అప్పలస్వామికి మొదట ముప్పై ఇచ్చారు. గడువు తీరాక మళ్ళీ చూడటాన్ని రీసర్వే అంటారు. అప్పుడు ఇరవై కన్నా తగ్గితే పింఛనులో వైకల్యానికి ఇచ్చే భాగం ఆగిపోతుంది. అంతకన్నా ఘోరం, ఆ మనిషికి జబ్బు నయమైనట్టే లెక్క.

అతని రీసర్వే వేరే ఊళ్ళో పడింది. రైల్లో రాత్రంతా ప్రయాణం, దిగాక వరసలో నిలబడటం. వెళ్ళేముందు నా దగ్గరికొస్తే, శ్రమ ఉంది కాబట్టి రెట్టింపు వేసుకోమన్నాను. వేసుకున్నాడు. గడ్డం గీసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని బోర్డు ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు. రక్తపోటు బాగుంది. రక్తంలో ఉప్పు బాగుంది. ఎలా ఉన్నావని అడిగితే "ఠీక్ హై సాబ్" అన్నాడు. పరేడ్‌లో ఇంకో జవాబు ఉండదని అతని నమ్మకం. శాతం ఇరవై లోపుకి దిగిపోయింది.

ఆ కాగితం చూసి నాకు ఒళ్ళు మండింది. బోర్డు డాక్టర్లను, వాళ్ళ చదువులను నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పీలు రాయించి పంపాను. కొన్ని నెలలకు అప్పీలు బోర్డు పిలుపు వచ్చింది.

ఆ పిలుపు అందిన వారంలో అతని భార్య రమణమ్మ ఒక్కతే బస్సెక్కి క్లినిక్‌కి వచ్చింది. "డాక్టరు బాబూ, బోర్డుకి రెండ్రోజుల ముందునించీ బిల్లలు మానేత్తాడంట. రోగమున్నట్టు కనపడాల కదా అంతన్నాడు. నాను సెప్తే ఇనడు. మీరైనా సెప్పండి" అంది. నాకు నిజంగా భయమేసింది. మర్నాడే అతన్ని ఆమెతో పాటు పిలిపించాను.

"ఏసుకుని ఎల్తే బాగున్నానంతారు సాబ్. ఏసుకోకండా ఎల్తే పడిపోతాను. పడిపోతే రాత్తారు కదా" అన్నాడు. పడిపోయాక శాతం రాయరు, డెత్ సర్టిఫికెట్ రాస్తారని కసిరాను. తలొంచుకున్నాడు కానీ ఒప్పుకోలేదు. అతని మాటలో తప్పెక్కడుందో నాకూ వెంటనే దొరకలేదు.

అప్పుడు అతని ఫైలు తీసి, బోర్డుకు నేను పంపిన రిపోర్టులు చదివాను. ప్రతి మూడు నెలలకూ అదే వాక్యం: రోజుకు మూడు బిళ్ళలు, రోగి స్టేబుల్. స్టేబుల్ అంటే మా వాడుకలో నిలకడగా ఉన్నాడని. పైనున్న వాక్యాన్నే కింద దించుకుంటూ పోయాను. ఎన్ని రోజులు ఆరేసి బిళ్ళలు మింగితే ఆ నిలకడ వచ్చిందో ఎక్కడా రాయలేదు. మా ఫార్మసిస్టు పాణిగ్రాహి అంతకుముందే రెండుసార్లు నాతో అన్నాడు, అప్పలస్వామి నెల తిరక్కుండానే మందులకు వస్తున్నాడని, బయట అమ్ముకుంటున్నాడేమోనని. నేను నవ్వి ఊరుకున్నాను. తిట్టవలసింది బోర్డును కాదని ఆ మధ్యాహ్నం తెలిసింది. సిగ్గేసింది.

పాణిగ్రాహి మందుల రిజిస్టరు ముందు పెట్టుకుని కొత్త రిపోర్టు రాశాను. ఏ నెలలో ఎన్ని బిళ్ళలు అదనంగా పట్టాయో, ఎందుకు పట్టాయో రమణమ్మను అడిగి రాశాను. నాట్లలో ఒకపూట నిలబడితే రెట్టింపు. విరేచనాలైతే ఇంజెక్షను. మొదటి వాక్యం మాత్రం బోర్డుకు: రక్తపోటు చూసేముందు, ఈ ఉదయం ఎన్ని బిళ్ళలు వేసుకున్నాడో అడగండి. అప్పలస్వామికి ఆ వాక్యం చదివి వినిపించి, బిళ్ళలు మాననని రమణమ్మ ఎదుట మాట తీసుకున్నాను.

బోర్డులో జరిగింది అతను తిరిగొచ్చి చెప్పాడు. అధ్యక్షుడు కాగితం చూసి అదే ప్రశ్న అడిగాడట.

"ఆరు సాబ్."

రోజుకు మూడే కదా, ఆరెందుకని అడిగాడట.

"ఇక్కడ నిలబడ్డానికి సాబ్."

ముప్పై శాతం తిరిగి వచ్చింది.

ఆ తర్వాత నేను క్లినిక్‌లో ఉన్న నాలుగేళ్ళలో స్టేబుల్ అన్న మాటను ఒంటరిగా రాయలేదు. ఎన్ని బిళ్ళల మీద నిలబడ్డాడో పక్కనే రాశాను.