ఖాళీ కుర్చీల్లో చుట్టాలు

ఆఫీసులో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. వయసు వల్ల కొంత, నోటి వల్ల మరికొంత. దుకాణాల్లో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అది. ఒకప్పుడు ఏ కొట్టుకు వెళ్లినా గల్లాపెట్టె పక్కన వాళ్ల తెరే కనిపించేది. బిల్లు ఆగిపోయిందని కొట్టువాళ్లు గోలపెడుతూ ఫోన్ చేస్తే ఎత్తేది పెద్దక్క. చెప్పుల దుకాణం పైన రెండు గదుల్లో కంపెనీ మొదలైనప్పటి నుంచీ ఆమె పని అదే. అవతలి మనిషి తిట్టే తీరును బట్టి ఏ మీట తప్పు నొక్కాడో చెప్పేసేది. కంపెనీ పెట్టిన పెద్దాయన పోయాక కొడుకులు దాన్ని ఎవరికో అమ్మేసి చేతులు దులుపుకున్నారు. ఆ కొన్నవాళ్లు తెచ్చి అందరి నెత్తినా కూర్చోబెట్టినవాడే విజన్.

అది అతని పేరు కాదు. నోరు తెరిస్తే ఆ మాటే వచ్చేది కాబట్టి పెద్దక్కే అలా పిలిచింది, అది కాస్తా ఖాయమైంది. వచ్చీరాగానే అతను గోడల రంగు మార్చాడు. తర్వాత లోగో మార్చాడు. సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి మూలుగుతున్న తప్పుల జోలికి మాత్రం పోలేదు. పోటీ కంపెనీ బిల్లును సెల్‌ఫోన్‌లోకి తెచ్చి ఒక్కో కొట్టునూ లాక్కుపోతుంటే, ఇతగాడు జనాన్ని హాల్లో నిలబెట్టి ఊపిరి ఎలా పీల్చుకోవాలో నేర్పించాడు. ఆ తర్వాత మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టాడు. దానికీ ఒక ముద్దుపేరు పెట్టాడు. కంపెనీ తేలికపడుతోందట.

"ఇవాళ ఎవరు బరువయ్యారర్రా?" అని పెద్దక్క పొద్దున్నే అడిగేది. మొదట్లో అందరూ నవ్వేవారు. పోనుపోను ఆ నవ్వేవాళ్లు కూడా బరువైపోయారు. హాలు నిండా ఖాళీ కుర్చీలు మిగిలాయి. పెద్దక్కకు విజన్‌ని చూస్తేనే ఒళ్లు మండేది. కానీ కూతురి చదువు ఇంకా ఏడాది ఉంది. భర్తది పత్రిక అచ్చువేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ, ఆ జీతం అద్దెకూ తిండికీ చాలీచాలనిది. ఆ ఒక్క ఏడాదీ తన కుర్చీ తనకు ఉండాలి. అందుకని నోరు కట్టేసుకుని కూర్చుంది.

అలాంటి రోజుల్లో కంపెనీని కొనడానికి ఒక పెద్దమనిషి చూసిపోతాడని కబురొచ్చింది. ఖాళీ హాలు చూస్తే బేరం చెడుతుందని విజన్‌కు బెంగ పట్టుకుంది. మిగిలినవాళ్లను పిలిచాడు.

"రేపు మీ ఇంట్లోవాళ్లని తీసుకురండి. శుభ్రమైన బట్టలేసుకుని ఆ కుర్చీల్లో కూర్చుంటే చాలు. బేరం కుదిరితే మీ ఉద్యోగాలకి నాదీ పూచీ" అన్నాడు.

"మావాళ్లకి కంప్యూటర్లు రావండి" అంది పెద్దక్క.

"చూస్తూ కూర్చుంటే చాలు మేడమ్."

అదైతే ఈయన రోజూ చేసేదేగా అనుకుంది ఆమె. పైకి మాత్రం సరేనంది.

మర్నాడు హాలు పెళ్లి విడిదిలా కళకళలాడింది. ఎవరి మామగారో కళ్లజోడు మర్చిపోయి వచ్చి తెరకు ముక్కు ఆనించి కూర్చున్నారు. పెద్దక్క మరిది కీబోర్డు మీద రెండు చేతులూ పెట్టి, "వదినా, ఏం కొట్టమంటావ్?" అని అడిగాడు. "నీ పేరు కొట్టు, అయిపోతే మళ్లీ కొట్టు" అందామె. భర్త ప్రెస్సు నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏవండీ, దయచేసి నిద్రపోకండి."

"కూర్చుని పడుకోవడం నాకు అలవాటేలే. గురక రాదు" అని భరోసా ఇచ్చి, మోచెయ్యి బల్లకు ఆనించి, గడ్డం కింద పిడికిలి పెట్టుకున్నాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. అరక్షణంలో మనిషి ఈ లోకంలో లేడు.

పెద్దమనిషి వచ్చాడు. ఆయన అడుగు పెట్టగానే హాలంతా కీబోర్డులు టకటకలాడాయి. ఆయన ఏ బల్ల దగ్గరా ఆగలేదు, పెద్దక్క భర్త దగ్గర తప్ప. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు.

"నన్ను చూసి అందరూ పని నటించారు. ఇతనొక్కడే తల తిప్పలేదు. ఆలోచించడమంటే ఇదీ" అన్నాడు పెద్దమనిషి. తర్వాత విజన్ వైపు తిరిగాడు. "మీ అమ్మకాలకి ఇంతమందెందుకయ్యా? సగం మందిని తీసెయ్యండి. అప్పుడు కొంటాను."

ఆయన కారు కదలగానే పెద్దక్క విజన్ గదిలోకి వెళ్లింది. లోపల్లోపల సంతోషంగానే ఉంది.

"బయట సగానికి పైగా మా చుట్టాలే కదండీ. సాయంత్రం ఎవరింటికి వాళ్లు పోతారు. సగం మంది తగ్గినట్టే. నిజం చెప్పేయండి."

విజన్ తల అడ్డంగా ఊపాడు. "అలా చెప్తే నా మాటకి విలువేం ఉంటుంది మేడమ్? ఆయన రేపు తలలు లెక్కపెట్టరు, జీతాల ఖర్చు చూస్తారు. అది సగానికి తగ్గాలి."

తన అబద్ధం బయటపడకుండా ఉండేందుకు ఆ మనిషి మిగిలినవాళ్లలో సగం మందిని తీసేశాడు. వాళ్లలో పెద్దక్క మొదటిది. ఫోన్లు ఎత్తేవాళ్లు ఇక అవసరం లేదట. ఇంత సిగ్గులేనితనాన్ని ఆమె అన్నేళ్ల ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు. ఇంటికొచ్చి కూతురి ముందు మామూలుగానే ఉంది. స్నానాల గదిలోకి వెళ్లి, కుళాయి విప్పి ఏడ్చింది.

కొట్టువాళ్లు మాత్రం ఆమె సొంత నంబరు సంపాదించి ఫోన్ చేస్తూనే ఉన్నారు. "ఆ సెల్‌ఫోన్ బిల్లు కంపెనీది పెట్టించుకో నాయనా, హాయిగా ఉంటావు" అని ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పింది.

ఒక మధ్యాహ్నం విజన్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో తేనె కారుతోంది.

"మేడమ్, ఆ కొనే పెద్దమనిషి మళ్లీ వస్తున్నారు. ఆలోచించే ఆయన్ని చూడందే సంతకం పెట్టనంటున్నారు. మీవారు ఒక్కసారి వచ్చి కూర్చుంటే చాలు. మీ ఉద్యోగం మీకు ఇచ్చేస్తాను, ఏడాదికి కాగితం మీద రాసిస్తాను."

ఏడాది. సరిగ్గా ఆమెకు కావలసినంత. పెద్దక్క ఆశపడింది. మరిదికి చెప్పి ఇస్త్రీ చొక్కా తెప్పించాలన్నంత వరకూ వెళ్లింది ఆలోచన. మళ్లీ ఆ హాలు, మళ్లీ ఆ టకటకలు, ఆ మనిషి ముందు మళ్లీ నోరు కట్టుకుని కూర్చోవడం. అంతవరకూ ఆశపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. కొట్టు కొట్టుకూ తిరిగి ఆ పోటీ కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా నేర్పుకుంటూ బతుకుతాను గానీ వీడి కుర్చీ నాకొద్దు అనుకుంది.

తలుపు వారగా తీసి చూసింది. రాత్రంతా ప్రెస్సులో నిలబడి వచ్చిన మనిషి చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇంట్లో కాబట్టి గురక కూడా పెడుతున్నాడు.

"మేడమ్, ఉన్నారా? ఒకసారి ఆయనకివ్వండి" అంటున్నాడు విజన్.

పెద్దక్క తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

"ఆయన ఆలోచిస్తున్నారండి. కదిలించకూడదు" అని ఫోన్ పెట్టేసింది.